పాక దీపానికి నీరడి లాంటి డయోడ్

అమీర్‌పేటలో కోర్సు చదువుతూ పంజాగుట్ట హాస్టల్లో ఉండే పిల్లలు పండక్కి ఇంటికొస్తే ఈ పని చెప్పండి. పశువుల పాకలో 12 వోల్టుల బ్యాటరీకి పెట్టిన చిన్న ఎల్‌ఈడీలు ఊరికే మాడిపోతున్నాయా? ఛార్జింగ్‌లో బ్యాటరీ 14.4 వోల్టులకు చేరుతుంది. రెండు తెల్ల ఎల్‌ఈడీలకు 270 ఓముల రెసిస్టర్ వేస్తే, 20 మిల్లీ ఆంపియర్ల కరెంటు అప్పుడు దాదాపు 30 అవుతుంది. చెరువు నిండితే తూము జోరుగా పారినట్టే!

కరెంటు రెగ్యులేటింగ్ డయోడ్ నీరడి లాంటిది. చెరువు పెరిగినా తగ్గినా పారకం ఒకటే. రెసిస్టర్ తీసేసి, 15 మిల్లీ ఆంపియర్ల డయోడ్ ఒకటి, ఎల్‌ఈడీలు రెండు వరుసగా కలపాలి. మూడు వేస్తే, బ్యాటరీ దిగినప్పుడు డయోడ్‌కు వోల్టులు చాలవు. గీత ఉన్న కాలు నెగెటివ్ వైపే ఉండాలి. తిరగేస్తే అదుపు పోయి ఎల్‌ఈడీలు మాడతాయి, జాగ్రత్త.