పాఠం 14: తేలికపాటి గాలపు కర్ర – ఒక వస్తువును పరిశీలించి రాయడం

14.0 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఒక వస్తువు ఏ పనికి ఉద్దేశించిందో ముందుగా గుర్తించగలుగుతారు.
• అమ్మకందారు మాటకు, కొలిచి తెలుసుకున్న విషయానికి గల తేడాను చెప్పగలుగుతారు.
• ఇంట్లో దొరికే సామానుతో గాలపు కర్రను పరీక్షించగలుగుతారు.
• మీ పరిశీలనను ఇతరులకు ఉపయోగపడేటట్లు ఒక పేరాలో రాయగలుగుతారు.

14.1 ప్రస్తావన

చెరువు గట్టున గాలం వేసేవారిని మీరు చూసే ఉంటారు. వెదురు కర్ర, నైలాన్ దారం, బెండు, చిన్న సీసపు గుండు, కొక్కేనికి గుచ్చిన వానపాము – ఇంతే సరంజామా. ఆ కర్ర మంచిదా కాదా అని ఎవరూ పరీక్షించరు. విరిగితే మరొకటి నరికి తెచ్చుకుంటారు.

కాని కర్ర ఖరీదు వందల డాలర్లలో ఉంటే? అమెరికాలో బాస్ అనే చేప కోసం తయారుచేసే తేలికపాటి కర్రలలో అంత ధర పలికేవి ఉన్నాయి. దుకాణదారు కర్రను చేతికిచ్చి, "చూడండి, ఎంత తేలికో!" అంటాడు. పట్టుకుంటే తేలికగానే ఉంటుంది. డబ్బు చెల్లించి తెచ్చుకుంటాం. పగలంతా గాలం వేసి సాయంత్రానికి మణికట్టు పీకుతుంటే అప్పుడు అనుమానం మొదలవుతుంది. దుకాణదారు అబద్ధం చెప్పలేదు. కాని అతడు చెప్పింది పూర్తి నిజమూ కాదు. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీని కనిపెట్టడమే పరిశీలన.

మీకు గాలం వేసే అలవాటు లేకపోవచ్చు. ఫరవాలేదు. రేపు కుట్టుమిషనో, సైకిలో, మిక్సీయో కొనేటప్పుడు కూడా ఇదే పద్ధతి పనికివస్తుంది.

14.2 కర్ర ఏ పనికి?

వస్తువును అంచనా వేయాలంటే అది చేయవలసిన పని ముందు తెలియాలి.

బాస్ ఉత్తర అమెరికా తూర్పు భాగానికి చెందిన మంచినీటి చేప. వీటిలో పెద్దనోటి బాస్, చిన్ననోటి బాస్ అనే రకాలు బాగా ప్రసిద్ధి. మన కొరమీను లాగానే పెద్దనోటి బాస్ నాచు చాటున, మునిగిన దుంగల పక్కన పొంచి ఉండి ఎర మీదకు దూకుతుంది. 1932లో జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ పట్టిన 22 పౌండ్ల 4 ఔన్సుల (సుమారు 10 కిలోల) చేప, 2009లో జపానులోని బివా సరస్సులో మనాబు కురితా పట్టిన దాదాపు అంతే బరువున్న చేప – ఈ రెండూ ప్రపంచ రికార్డును పంచుకున్నాయి. మామూలుగా గాలానికి పడేవి వీటికంటే ఎంతో చిన్నవి.

నీరు తేటగా ఉన్నప్పుడు, చలికి చేప మందకొడిగా ఉన్నప్పుడు, గాలాల తాకిడికి చేప జంకినప్పుడు పెద్ద ఎరలు పనిచేయవు. అప్పుడు సన్నని దారం, చిన్న ఎర, నెమ్మది కదలిక కావాలి. ఈ సున్నిత పద్ధతినే 'ఫినెస్' అంటారు. ఇందులో వాడే ఎర, గుండు కలిపి సుమారు 2 నుంచి 7 గ్రాములు ఉంటాయి. దారం తరచుగా 6 లేక 8 పౌండ్ల బలం కలది. 'డ్రాప్ షాట్' అనే అమరికలో కొక్కెం పైన, గుండు కింద ఉంటాయి. 'నెడ్ రిగ్'లో పుట్టగొడుగు ఆకారపు సీసపు తలకు చిన్న మెత్తని ప్లాస్టిక్ పురుగును గుచ్చుతారు.

కాబట్టి కర్ర చేయవలసిన పనులు మూడు:
1. మూడు గ్రాముల ఎరను కూడా దూరంగా విసరాలి.
2. చేప ఎరను మెల్లగా తాకినా ఆ సంగతి చేతికి తెలియజేయాలి.
3. చేప పడ్డాక సన్నని దారం తెగకుండా కాపాడుతూ, త్వరగా ఒడ్డుకు చేర్చాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మొదటి పనికి కొన మెత్తగా ఉండాలి. రెండవ పనికి కర్ర బిగువుగా ఉండాలి. మూడవ పనికి మొదలు బలంగా ఉండాలి. ఒకటి పెంచితే మరొకటి తగ్గుతుంది. ఈ మూడింటినీ పొత్తు కుదిర్చిన కర్రే మంచి కర్ర. 'అన్నిటికంటే తేలికైనది' కానక్కరలేదు.

పాఠ్యగత ప్రశ్నలు 14.1
1. ఫినెస్ పద్ధతి ఎప్పుడు అవసరమవుతుంది?
2. కర్ర కొన మెత్తగా ఉండటం వల్ల ఏ పని సులువవుతుంది?

14.3 ఏమేమి పరీక్షించాలి?

(అ) బరువు, తూకం

ఏడు అడుగుల (సుమారు 210 సెం.మీ.) కర్రలు చాలావరకు 90 నుంచి 130 గ్రాముల మధ్య తూగుతాయి. అయితే చేతికి తెలిసేది తక్కెడ చూపే బరువు ఒక్కటే కాదు. ఆ బరువు చేతికి ఎంత ముందు ఉన్నదనేది కూడా ముఖ్యం. నిండు బిందెను ఒంటికి ఆనించి మోయడానికి, చేయి చాచి పట్టుకోవడానికి ఉన్న తేడాను గుర్తు తెచ్చుకోండి.

రెండు కర్రలను ఊహించుకుందాం.

'క' కర్ర: బరువు 95 గ్రా. బరువు కేంద్రం చేతికి 35 సెం.మీ. ముందు.
95 × 35 = 3,325

'ఖ' కర్ర: బరువు 120 గ్రా. బరువు కేంద్రం చేతికి 20 సెం.మీ. ముందు.
120 × 20 = 2,400

తక్కెడ మీద 'క' తేలిక. మణికట్టుకు మాత్రం 'ఖ' తేలిక. కొన వైపు వంగిపోయే కర్రను రోజంతా ఎత్తి పట్టుకోవడం కష్టం. కాబట్టి దుకాణంలో కర్రను ఉత్తగా ఊపి చూడకండి. మీరు వాడబోయే రీలును బిగించి, చూపుడువేలి మీద నిలబెట్టి, ఏ చోట తూగుతున్నదో చూడండి. ఆ చోటు చేతి పట్టుకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది.

(ఆ) బిగువు, వంపు

కర్ర మీద 'లైట్', 'మీడియం లైట్' అని అచ్చువేసి ఉంటుంది. ఇది బిగువును తెలిపే మాట. అన్ని కంపెనీలూ పాటించే ఉమ్మడి కొలత దీనికి లేదు. ఒకరి 'లైట్' మరొకరి 'మీడియం లైట్' కావచ్చు. అందువల్ల మీరే కొలవాలి.

చేసి చూడండి: కర్ర మొదలును బల్ల అంచుకు అదిమి, కర్ర నేలకు సమాంతరంగా ఉండేటట్లు పట్టుకోండి. చివరి రింగుకు ఒక పలుచని ప్లాస్టిక్ సంచిని వేలాడదీయండి. కొలత గీతలున్న పాలసీసాతో అందులో కొద్దికొద్దిగా నీరు పోయండి. కర్ర కొన, కర్ర పొడవులో మూడవ వంతు కిందికి దిగగానే ఆపండి. 210 సెం.మీ. కర్రకు ఇది 70 సెం.మీ. ఒక మి.లీ. నీరు ఒక గ్రాము కనుక, పోసిన నీరే కర్ర బిగువుకు కొలత. ఎక్కువ నీరు పట్టితే కర్ర బిగువైనదని అర్థం.

అమెరికాలో కర్రలు చేసుకొనేవారు కొందరు ఇదే పరీక్షకు నీటికి బదులు ఒక సెంటు నాణేలు వాడతారు. 1982 తరువాత వచ్చిన ఆ నాణెం బరువు 2.5 గ్రాములు.

ఇప్పుడు కర్ర ఎక్కడ వంగిందో చూడండి. కొన దగ్గరే వంగితే 'ఫాస్ట్', సగం దాకా వంగితే 'మోడరేట్' అంటారు. బిగువు వేరు, వంపు వేరు. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం కొత్తవారు చేసే పొరపాటు.

(ఇ) స్పర్శ

పూర్వం వెదురు, తరువాత గాజునార, 1970ల నుంచి కార్బన్ నార కర్రల తయారీలోకి వచ్చాయి. కార్బన్ నార తేలికగా, బిగువుగా ఉంటుంది. కనుక దారంలో పుట్టిన చిన్న కదలికను కూడా చేతికి అందిస్తుంది.

చేసి చూడండి: ఎరకు బదులు ఒక చిన్న గుండు కట్టి, పది మీటర్ల దూరంలో పెట్టించండి. సిమెంటు నేల, ఇసుక, గోనెపట్టా – వీటిలో ఒకదాని మీద ఉంచమని మీ తమ్ముడికో చెల్లెలికో చెప్పండి. మీరు కళ్లు మూసుకొని దారాన్ని మెల్లగా లాగి, గుండు దేని మీద పాకుతున్నదో చెప్పండి. పది సార్లు చేసి, ఎన్ని సరిపోయాయో రాసుకోండి. కర్ర ధర తెలిస్తే మన చేయి కూడా పక్షపాతం చూపుతుంది. కాబట్టి ఏ కర్రతో చేస్తున్నారో కూడా తెలియకుండా చేస్తే ఇంకా మంచిది.

(ఈ) రింగులు, పిడి

దారం నడిచే రింగుల లోపల పింగాణీ వంటి గట్టి పూత ఉంటుంది. అందులో పగులు ఉంటే సన్నని దారాన్ని కోసేస్తుంది. దూది పింజెను ప్రతి రింగులో చుట్టూ తిప్పండి. పోగు చిక్కుకుంటే అక్కడ పగులు ఉన్నట్లే. తరువాత ఒక కన్ను మూసి, మొదలు నుంచి కొన దాకా రింగులన్నీ ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూడండి. రీలు బిగించాక కదిలిస్తే ఊగరాదు.

హెచ్చరిక: కార్బన్ నార గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది. కరెంటు తీగల కింద కర్రను ఎత్తకూడదు. ఉరుములు, మెరుపులు మొదలైతే కర్రను కింద పెట్టి సురక్షితమైన చోటికి వెళ్లాలి. కర్ర ఎంత మంచిదైనా ప్రాణం కంటే గొప్పది కాదు.

పాఠ్యగత ప్రశ్నలు 14.2
1. ఒక కర్ర బరువు 110 గ్రా., బరువు కేంద్రం చేతికి 30 సెం.మీ. ముందు. మరొక కర్ర బరువు 130 గ్రా., కేంద్రం 22 సెం.మీ. ముందు. మణికట్టుకు ఏది తేలిక?
2. 195 సెం.మీ. కర్రను నీటితో పరీక్షించేటప్పుడు కొన ఎంత దిగాలి?

14.4 చేప వైపు నుంచి కూడా చూడాలి

బాస్‌ను పట్టేవారిలో చాలామంది దానిని తిరిగి నీటిలో వదులుతారు. అమెరికాలో బాస్ పోటీలు నడిపిన రే స్కాట్ 1972లో పట్టిన చేపను చంపవద్దని ప్రచారం మొదలుపెట్టారు. అయితే వదిలిన చేప బతకాలి కదా! కర్ర మరీ మెత్తనిదైతే చేపను ఒడ్డుకు తేవడానికి ఎక్కువసేపు పడుతుంది. అంతసేపూ చేప పెనుగులాడి అలసిపోతుంది. వేసవిలో వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తక్కువ కనుక ప్రమాదం ఇంకా ఎక్కువ. అందుచేత 'తేలిక' అనే గుణానికి ఒక హద్దు ఉంది. ఆ హద్దును నిర్ణయించేది చేప.

వదలడం అన్నిచోట్లా మంచి పని కాదు. జపానుకు బాస్ 1925లో బయటినుంచి వచ్చింది. అది అక్కడి స్థానిక చేపలను తినేస్తుంది. అందువల్ల బివా సరస్సులో పట్టిన బాస్‌ను తిరిగి వదలడం నిషేధం. అమెరికాలో లైసెన్సు నియమాలను ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే నిర్ణయిస్తుంది. అక్కడ ఉంటున్న మన బంధువులు గాలం పట్టేముందు ఆ నియమాలు చదవడం అవసరం.

14.5 పరిశీలనను రాయడం

ఈ రెండు పేరాలు చదవండి. రెండూ ఊహించి రాసినవే.

మొదటి పేరా: "ఈ కర్ర బ్రహ్మాండం. దూదిపింజెలా ఉంది. ఎంత దూరమైనా విసురుతుంది. ప్రతివారూ కొనాలి."

రెండవ పేరా: "ఈ కర్ర 98 గ్రాములు తూగింది. రీలుతో కలిపి చేతి పట్టుకు రెండు వేళ్ల ముందు నిలిచింది. మూడు గ్రాముల ఎరను నేను 20 మీటర్లు విసరగలిగాను. కళ్లు మూసుకొని చేసిన పరీక్షలో పదికి ఎనిమిది సరిపోయాయి. చివరి నుంచి మూడవ రింగు కొంచెం పక్కకు ఉంది. నాచు దట్టంగా ఉన్నచోట దీనిని వాడి చూడలేదు. తేటనీటిలో చిన్న ఎరలు వాడేవారికి సరిపోతుందని నా అభిప్రాయం."

మొదటి పేరాలో పొగడ్త ఉంది, సమాచారం లేదు. రెండవ పేరాలో కొలతలు ఉన్నాయి, లోపం ఉంది, చేయని పరీక్ష ఏదో చెప్పడం ఉంది. అభిప్రాయాన్ని 'నా అభిప్రాయం' అని విడిగా చెప్పడం కూడా ఉంది. చదివినవారు తమ అవసరంతో పోల్చుకొని తామే నిర్ణయించుకోగలరు.

రాసేటప్పుడు ఇంకొక నియమం పాటించండి. వస్తువును మీకు ఎవరైనా ఉచితంగా ఇచ్చి ఉంటే ఆ మాట మొదటి వాక్యంలోనే రాయండి. మీ మాట నమ్మి డబ్బు ఖర్చుపెట్టే మనిషికి అది తెలుసుకొనే హక్కు ఉంది.

14.6 మీరు ఏమి నేర్చుకున్నారు?

• వస్తువు గుణం అది చేయవలసిన పనిని బట్టి నిర్ణయమవుతుంది.
• కర్ర బరువుతో పాటు తూకాన్నీ చూడాలి. బిగువు, వంపు వేరువేరు గుణాలు.
• అచ్చువేసిన మాటల కంటే ఒకే పద్ధతిలో చేసిన కొలతలు నమ్మదగినవి.
• మంచి పరిశీలనలో కొలతలు, లోపాలు, పరిమితులు, అభిప్రాయం విడివిడిగా కనిపించాలి.

14.7 పాఠ్యాంత ప్రశ్నలు

1. "అన్నిటికంటే తేలికైన కర్రే మంచి కర్ర." ఈ వాక్యంతో మీరు ఏకీభవిస్తారా? కారణాలతో పది వాక్యాలలో రాయండి.
2. మరీ మెత్తని కర్ర వల్ల చేపకు కలిగే హాని ఏమిటి?
3. మీ ఇంట్లోని ఏదైనా ఒక వస్తువును (గొడుగు, టార్చిలైటు, కత్తిపీట) తీసుకొని, మూడు పరీక్షలు చేసి, ఒక పేరా పరిశీలన రాయండి. అందులో కనీసం రెండు కొలతలు, ఒక లోపం ఉండాలి.

14.8 పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

14.1
1. నీరు తేటగా ఉన్నప్పుడు, చలికి చేప మందకొడిగా ఉన్నప్పుడు, గాలాల తాకిడికి జంకినప్పుడు.
2. తక్కువ బరువున్న ఎరను దూరంగా విసరడం.

14.2
1. మొదటిది 110 × 30 = 3,300. రెండవది 130 × 22 = 2,860. కాబట్టి రెండవ కర్ర తేలిక.
2. 65 సెం.మీ.