అరచేయి అడ్డం పెట్టుకొని నవ్వే పిల్లలు



మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల బోరునీటిలోని ఫ్లోరైడ్ గురించి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా ఇళ్ళకు శుద్ధిచేసిన నదీజలం వచ్చింది. నీరు మారింది గాని, పంటిమీద మచ్చ మారదు. ఫ్లోరైడ్ పన్నును పాడుచేసేది పసితనంలో, అది చిగురు లోపల తయారయ్యే కాలంలోనే. శాశ్వత దంతం మచ్చతోనే బయటికి వస్తుంది. ఆనాడు బోరునీళ్ళు తాగిన పసివాళ్ళలో కొందరు నేడు కాలేజీ వయసులో ఉన్నారు. ఉపదేశ తరగతి ఫోటోలో నోరు బిగించుకొని నిలబడేది వారే.

తరగతిలో వారిని "గారపళ్ళోడు" అని పిలుస్తారు. ఆ బాధతో ఇంటికి వచ్చిన బిడ్డతో తల్లి, "సరిగ్గా తోముకోవు, అందుకే" అంటుంది. ఎంత తోమినా పోని మచ్చకు బిడ్డే దోషి! తండ్రి అయితే, "మగపిల్లాడివి, నువ్వూ రెండు తగిలించి రా" అంటాడు. ఇక ఆ పిల్లవాడు ఇంట్లో చెప్పడం మానేస్తాడు. నా దృష్టిలో బడిలోని ఎగతాళికన్నా ఈ మౌనమే ప్రమాదకరం. ఎగతాళి నెలల తరబడి సాగితే నిద్ర తగ్గుతుంది, బడి వేళకు కడుపునొప్పి వస్తుంది, చదువు వెనకబడుతుంది. మనమేమో దాన్ని సోమరితనం అంటాం.

పాలమూరు వైపు కష్టం వేరు. అమ్మానాన్నలు పనికోసం వలసపోతే బిడ్డ అవ్వ దగ్గరో, హాస్టల్లోనో ఉంటాడు. ఫోన్ చేసినప్పుడల్లా "మార్కులెన్ని?" అనే అడుగుతారు. "బువ్వ ఎవరితో కూర్చొని తింటున్నవు బిడ్డా?" అని అడిగి చూడండి. "ఒక్కణ్ణే" అంటే అవ్వను గాని, వార్డెన్‌ను గాని వెంటనే కదిలించాలి.

బిడ్డ చెబుతున్నప్పుడు "నువ్వేం చేశావు?" అని మొదలుపెట్టకండి. పూర్తిగా వినండి. తర్వాత ప్రధానోపాధ్యాయుణ్ణి కలవండి, కాని పదిమంది ముందు బిడ్డను నిలబెట్టి కాదు. ఎగతాళి చేసేది ఉపాధ్యాయుడే అయితే, 2009 విద్యాహక్కు చట్టం బడిలో పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. పంటి మచ్చను చాలావరకు తగ్గించే, కప్పే చికిత్స దంతవైద్యుల దగ్గర ఉంది.

"చచ్చిపోతాను" అన్న మాట వినబడితే బెదిరింపు అనుకోవద్దు, బిడ్డను ఒంటరిగా వదలవద్దు. 2022లో ప్రారంభమైన టెలి మానస్‌కు, 14416 నంబరుకు, ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు. బిడ్డే చేయాలని లేదు, తల్లిదండ్రులూ చేయవచ్చు.