ఒకే కొలిమి, పది దారులు: ఖడ్గకారుడు మసమునే, ఆయన శిష్యులు

గురుశిష్య ధర్మాన్ని గూర్చి ఉపన్యసించేవారి నోట జపాను దేశపు కథ ఒకటి తరచుగా వినవస్తూ ఉంటుంది. మసమునే అనే మహాఖడ్గకారుడికి మురమస అనే శిష్యుడు ఉండేవాడట. ఎవరి కత్తి శ్రేష్ఠమో తేల్చుకొనడానికి ఇద్దరూ తమ కత్తులను సెలయేటి ప్రవాహానికి ఎదురుగా నిలిపారట. మురమస కత్తిని తాకిన ప్రతి ఆకూ రెండుగా చీలిపోయింది. మసమునే కత్తి దగ్గరకు వచ్చిన ఆకులు మాత్రం దానిని తాకకుండా పక్కకు తప్పుకొని సాగిపోయాయి. ఆ దారిన పోతున్న సన్న్యాసి ఒకరు ఇది చూచి, నిష్కారణంగా దేనినీ హింసించని కత్తియే గొప్పదని తీర్పు చెప్పారట.

వినసొంపైన కథ. అహింసను బోధించడానికి చక్కగా ఒదుగుతుంది. అయితే ఇది జరిగే అవకాశమే లేదు. మసమునే 13వ శతాబ్దం చివర, 14వ శతాబ్దం మొదట కమకురా నగరంలో కొలిమి నడిపినవాడు. మురమస ఇసె ప్రాంతంలోని కువానా ఊరివాడు. ఆ పేరుతో తేదీ చెక్కి ఉన్న కత్తులలో మొదటిది 1501 నాటిది. ఇద్దరికీ నడుమ నూట యాభై ఏండ్లకు పైబడిన ఎడం ఉన్నది. తొకుగావా ఇయెయాసు తాతగారు 1535లో మురమస కత్తి దెబ్బకే మరణించడంతో ఆ వంశపు ఏలుబడిలో మురమస పేరు అపశకునంగా మారింది. అటువంటి పేరును గురువును మీరబోయిన అహంకారికి తగిలించడం కథకులకు సులభమైంది.

పంచతంత్రంలో కాకులూ నక్కలూ మాట్లాడితే మనం తప్పు పట్టము. అది కల్పన అని చెప్పేవారికీ వినేవారికీ తెలుసు. కాని ఊరూ పేరూ ఉన్న ఒక పనివాడిని, తాను కన్నెత్తి చూడని గురువు ఎదుట ఓడించి, దానినే చరిత్రగా చెప్పడం ధర్మబోధకు తగదని నా అభిప్రాయం. నిజంగా జరిగినదానిలో గురుశిష్యులను గూర్చి నేర్వదగినది ఇంతకంటె ఎక్కువే ఉన్నది. ఈ మాసపు పాఠానికి దానినే ఎన్నుకొన్నాను.

కమకురా ఆనాడు యోధుల ప్రభుత్వానికి ముఖ్యపట్టణం. ఏలికలు క్యోటో నుండి, బిజెన్ నుండి పేరుపొందిన కమ్మరులను పిలిపించి అక్కడ నిలిపారు. వేర్వేరు సంప్రదాయాల పనితనం ఆ విధంగా ఒక్క ఊరిలో కలిసింది. 1274లోను, 1281లోను మంగోలు సేనలు సముద్రం దాటి వచ్చి దేశాన్ని వణికించిన కాలం కూడ అదే. షింతొగొ కునిమిత్సు అనే ఆచార్యుని వద్ద మసమునే విద్య నేర్చాడు. యుకిమిత్సు ఆ కొలిమిలో ఆయనకంటె పెద్ద శిష్యుడు. మసమునేను ‘గొరో న్యూదో’ అని కూడ పిలుస్తారు. న్యూదో అంటే మార్గంలో ప్రవేశించినవాడు. శిరోముండనం చేయించుకొని, ఇల్లు విడువకయే బౌద్ధదీక్ష పుచ్చుకొన్న గృహస్థుకు అది బిరుదు.

ఇక పని సంగతి. ఇనుప ఇసుకను బొగ్గుతో కలిపి, మూడు పగళ్లు మూడు రాత్రులు మట్టికొలిమిలో కాల్చి ఉక్కుముద్ద తీస్తారు. ఆ ముద్దలో కఠినమైన భాగమూ ఉంటుంది, మెత్తనిదీ ఉంటుంది. దానిని పగులగొట్టి, ఏరి, మళ్లీ కాల్చి, సాగగొట్టి, మడతపెట్టి, తిరిగి సాగగొడతారు. మడత పడిన ప్రతిసారీ పొరలు రెట్టింపవుతాయి. పదిహేను మడతలకు అవి 32,768 అవుతాయి. మలినం పోయి ఉక్కు ఏకరూపం దాల్చడం దీని ప్రయోజనం. తరువాత కత్తి వీపుకు మందంగా, అంచుకు పలుచగా మట్టి పూసి, ఎర్రగా కాల్చి నీట ముంచుతారు. అంచు త్వరగా చల్లారి గట్టిపడుతుంది. వీపు నెమ్మదిగా చల్లారి మెత్తదనం నిలుపుకొంటుంది. కత్తికి ఆ వంపు వచ్చేదీ ఈ క్షణంలోనే. నెలల శ్రమ ఫలించేదీ, పగిలిపోయేదీ కూడ అప్పుడే.

మసమునే ఘనత ఇక్కడ ఉంది. ఆయన కఠినమైన ఉక్కునూ మెత్తని ఉక్కునూ కలిపి, సాహసించి మిక్కిలి వేడిమి వద్ద నీట ముంచేవాడు. అందువలన అంచు వెంబడి ‘నియె’ అనే మెరుపు రవ్వలు మంచుబిందువులవలె పొడచూపుతాయి. వాటి నడుమ మెరుపుతీగెల వంటి గీతలు సాగుతాయి. వేడి ఒక్క పిసరు మీరితే కత్తి బీటలు వారుతుంది. ఉష్ణమాపకం లేని రోజులు అవి. కొలిమిని చీకటి చేసుకొని, ఉక్కు రంగును కంటితో చూచి నిర్ణయించవలసిందే. రెండవ నెలలోనో ఎనిమిదవ నెలలోనో వచ్చే చందమామ రంగును పోలిక చెప్పడం ఆ విద్యలో ఆచారం. ఇటువంటిది మాటలతో ఎట్లా నేర్పుతారు? గురువు పక్కన ఏండ్ల తరబడి నిలబడి చూడవలసిందే.

ఆ నిలబడడం కూడ ఊరికే కాదు. శిష్యుడు పెద్ద సమ్మెట పట్టుకొంటాడు, గురువు చిన్న సుత్తితో ఎక్కడ కొట్టాలో, ఎంత బలంగా కొట్టాలో సంజ్ఞ చేస్తాడు. ఒక దెబ్బకు మరొక దెబ్బ బదులు పలుకుతుంది. దీనిని ‘అయిజుచి’ అంటారు. జపాను భాషలో ఎదుటివాడు మాట్లాడుతుండగా మధ్యమధ్య ‘ఊఁ, ఊఁ’ అనడానికి కూడ అదే పేరు. తెలుగులో మనమూ ఊఁ ‘కొడతాము’ కదా! ఈ పోలిక కనబడినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పనలవి కాదు. శ్రవణం అంటే చెవి ఒగ్గి ఊరకుండడం కాదని మన పెద్దలు చెప్పినదే సమ్మెట మోతలో వినబడింది.

కొలిమి వారికి దేవాలయంతో సమానం. గడ్డితాడు కట్టి స్థలాన్ని పవిత్రం చేస్తారు; ముఖ్యమైన పనులకు తెల్లని వస్త్రాలు ధరిస్తారు. మనం దసరాకు ఆయుధపూజ చేసినట్లు, వారు నవంబరు 8న కొలిమితిత్తికి పూజ చేస్తారు. మన దేశంతో వారికి సూటియైన సంబంధం మరొకటి ఉన్నది. మసమునే పేరు చెక్కి ఉన్న కత్తులు మిక్కిలి అరుదు. వాటిలో ‘ఫుదో మసమునే’ అనే చిన్న బాకు నగోయాలోని తొకుగావా కళాసంగ్రహాలయంలో ఉన్నది. దానిపై మలచినది ఫుదో మూర్తి. ఫుదో అంటే కదలనివాడు. సంస్కృతంలో అచలుడు, అచలనాథుడు. ఒక చేత ఖడ్గం, మరొక చేత పాశం ధరించి జ్వాలల నడుమ నిలిచే ఈ దేవత బౌద్ధతంత్రంతోపాటు భారతదేశం నుండి చైనా మీదుగా జపాను చేరాడు. ఆయన ఎదుట చేసే అగ్నికార్యాన్ని ‘గోమా’ అంటారు. అది మన హోమమే. అనేక ఖడ్గాలపై సిద్ధలిపిలో సంస్కృత బీజాక్షరాలు నేటికీ కనబడతాయి.

శిష్యుల విషయానికి వద్దాము. ‘మసమునే పదిమంది శిష్యులు’ అని తరువాతి తరాలవారు ఒక పట్టిక కూర్చారు. అందులోని చోగి, నవోత్సునా పనిచేసినది 14వ శతాబ్దపు ఉత్తరార్ధంలో. వారు మసమునే ఎదుట కూర్చొని నేర్చి ఉండరు. నొరిషిగె శిష్యుడు కాదు, కునిమిత్సు వద్ద మసమునేకు సహాధ్యాయి అని నేటి పరిశోధకులు భావిస్తారు. పట్టిక ఈ విధంగా సడలినా దానిని నేను తోసివేయను. కమకురా పద్ధతి దూరదేశాలకు ఎట్లా పాకిందో అది చూపుతుంది. ఏకలవ్యుడు ద్రోణుని మట్టిబొమ్మ ముందు నేర్చాడు. వీరిలో కొందరు గురువు చేసిన ఉక్కు ముందు నేర్చారు.

వారెవరూ గురువుకు నకలు కాకపోవడం నన్ను ఎక్కువగా ఆకర్షించింది. నొరిషిగె కత్తిపై ఉక్కుపొరలు దేవదారు బెరడువలె ముడతలు దేరి కనబడతాయి. కనెఉజి యమతో నుండి మినోకు వెళ్లి, తన పాత సంప్రదాయాన్నీ కమకురా పద్ధతినీ కలిపాడు. మినో ఖడ్గవిద్యకు అతడే మూలపురుషులలో ఒకడయ్యాడు. క్యూషూ ద్వీపంలో అంతవరకు సాదాగా ఉన్న పనిని సమొంజి మెరుపులతో నింపాడు. తన కత్తులపై అతడు చెక్కినది ‘ఎడమ’ అని అర్థమిచ్చే ఒకే అక్షరం. గో యొషిహిరొ చిన్న వయసులోనే పోయాడంటారు. అతని సంతకం ఉన్న కత్తి ఒక్కటీ లేదు. గో కత్తినీ దయ్యాన్నీ చూచినవారు లేరని అక్కడ ఒక సామెతయే పుట్టింది.

మసమునే కొలిమికి వారసుడైన సదమునేను కుమారుడని కొందరు, దత్తపుత్రుడని కొందరు చెబుతారు. సంతకం ఉన్న కత్తి అతనిదీ ఒక్కటి మిగలలేదు. ఉక్కులోని పొరను, అంచులోని రవ్వను చూచి నిపుణులు ఇది తండ్రిది, ఇది కొడుకుది అని వేరుచేస్తారు.

ఈనాడు కూడ జపానులో ఖడ్గకారుడు కాగోరినవాడు అనుమతి పొందిన గురువు వద్ద కనీసం ఐదేండ్లు ఉండి, ఆపైన ప్రభుత్వ సాంస్కృతిక శాఖ పరీక్షలో నెగ్గాలి. చేరిన కొత్తలో అతనికి ఇచ్చేది సుత్తి కాదు. దేవదారు బొగ్గును ఒకే పరిమాణంలో ముక్కలుగా కొట్టే పని. దానికే మూడేండ్లు పడుతుందని ఆ కొలిముల్లో నానుడి.