ఫిన్లాండు జానపద గాథలు - సిబేలియస్ సంగీతము

రాజ్యము లేని జాతికి సయితము పాట ఉండును. ఆ పాటయే ఒక్కొక్కప్పుడు దానికి ఉనికిని ప్రసాదించును. ఇందుకు ఫిన్లాండు చరిత్ర చక్కని నిదర్శనము.

ఫిన్లాండు 1809 వరకు స్వీడను ఏలుబడిలోను, పిదప 1917 వరకు రష్యా చక్రవర్తుల అధీనములోను ఉండెను. చిరకాలము విద్యకు, పరిపాలనకు స్వీడిష్ భాషయే సాధనము. ఫిన్నిష్ భాష పల్లెజనుల నోట నిలిచినది. ఎలియాస్ లోన్‌రోట్ అను వైద్యుడు కరేలియా ప్రాంతమున కాలినడకను తిరిగి, గాయకుల నోటి గాథలను సేకరించి, 1835లో 'కలేవల' కావ్యముగా కూర్చెను. 1849 నాటి విస్తృత ప్రతిలో 50 సర్గలు, 22,795 పంక్తులు గలవు.

ఈ గాథలకు వాద్యబృంద రూపమిచ్చినవాడు జాన్ సిబేలియస్ (1865-1957). విశేషమేమనగా, ఆతని ఇంటి భాష స్వీడిష్. ఫిన్నిష్ మాధ్యమ పాఠశాలలో చదివి ఆతడు ఆ భాషకు చేరువయ్యెను. 1891లో లారిన్ పరాస్కే అను పల్లె గాయని పాటలను స్వయముగా వినెను. మరుసటి యేడు, దురదృష్టవంతుడైన ఒక వీరుని కథతో 'కుల్లెర్వో'ను వాద్యబృందమునకు, పురుషుల బృందగానమునకు రచించెను. అందలి మూడవ భాగము ఐదేసి మాత్రల లయలో నడచును. ఇది ఆ గాథలను పాడు పల్లె బాణీకి సహజమైన లయ. మన ఖండగతి ఎరిగినవారికి ఇది క్రొత్తగా తోచదు. 'తువోనెలా హంస'లో మృత్యులోకపు నల్లని నదిపై తేలియాడు హంస పాటను ఇంగ్లీష్ హార్న్ అను ఊదు వాద్యము వినిపించును.

1899 ఫిబ్రవరిలో రష్యా చక్రవర్తి శాసనము ఫిన్లాండు స్వయంపాలనను కుదించినది. పత్రికలపై ఆంక్షలు పెరిగినవి. ఆ నవంబరులో పత్రికల సహాయార్థము హెల్సింకీలో చరిత్ర దృశ్యములను ప్రదర్శించిరి. వాటికి సిబేలియస్ కూర్చిన సంగీతములోని తుది భాగమే 1900లో 'ఫిన్లాండియా' అను పేరు దాల్చినది. గర్జించు ఇత్తడి వాద్యములతో మొదలై, సంఘర్షణ దాటి, ప్రార్థన వంటి ప్రశాంత గీతమునకు అది చేరును. ఆ గీతమును పలువురు జానపదుల బాణీయని తలచిరి. అది సిబేలియస్ సొంత కల్పనయే. జానపదుల బాణీలను ఎత్తి వ్రాయక, వాటి ప్రాణమును ఆకళించుకొనుటలోనే ఆతని ప్రతిభ గలదు.

ఇంటి భాష ఒకటి, చదువు భాష మరొకటియైన విద్యార్థులు మన కళాశాలలో పెక్కుమంది. అట్టి స్థితి కొరత యని కొందరు భావింతురు. స్వీడిష్ మాటాడు ఇంట పుట్టినవాడు ఫిన్నిష్ జాతి గుండెచప్పుడును ప్రపంచమునకు వినిపించెను. భాష జన్మచేతనే గాక ప్రేమచేతను మనదగునని ఆతని సంగీతము వలన మనము గ్రహింపవలెను.