లా చదవని జడ్జీలు

సాంఘికశాస్త్రంలో సుప్రీంకోర్టు, హైకోర్టు, జిల్లా కోర్టు అని వరసగా బట్టీ పట్టాం కదా. అన్నింట్లోనూ జడ్జి అంటే లా చదివిన మనిషే. కానీ లా చదవకపోయినా, జనం ఓట్లేసి గెలిపిస్తే జడ్జి అయ్యే చోట్లు అమెరికాలో ఉన్నాయి.

ఆ దేశానికి ఈశాన్య మూలన వెర్మాంట్ అనే చిన్న రాష్ట్రం ఉంది. కొండలు, అడవులు, పాడి ఆవులు. అందులో 14 కౌంటీలు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే గాని చాలా చిన్నది. విండమ్ కౌంటీ కోర్టు న్యూఫేన్ అనే పల్లెలో ఉంది. 1825లో కట్టిన తెల్లటి భవనం, ముందు పెద్ద స్తంభాలు.

ఒక్కో కౌంటీకి ఇద్దరు అసిస్టెంట్ జడ్జీలను ఎన్నుకుంటారు. పదవీకాలం 4 ఏళ్లు. రైతు నిలబడొచ్చు, రిటైరైన టీచరూ నిలబడొచ్చు. లా చదివిన జడ్జి మధ్యలో కూర్చుంటే వీళ్లు చెరో పక్కన కూర్చుంటారు. అందుకే అక్కడివాళ్లు 'సైడ్ జడ్జి' అంటారు. కౌంటీ బడ్జెట్టు, కోర్టు భవనం బాగోగులు కూడా వీళ్లవే.

ఇప్పుడు అసలు సంగతి. ఇద్దరు రైతులు గట్టు దగ్గర తగాదా పడ్డారనుకోండి. గట్టు జరిపారా లేదా, సాక్షి చెప్పేది నిజమేనా అన్నది ఒక ప్రశ్న. జరిపితే చట్టం ఏమంటుంది అన్నది ఇంకో ప్రశ్న. రెండోది లా చదివిన జడ్జి ఒక్కరే తేలుస్తారు. మొదటిది మాత్రం ముగ్గురిలో ఇద్దరు ఏమంటే అదే. అంటే పక్కనున్న ఇద్దరూ ఒక్కటైతే మధ్యలో ఉన్నాయన మాట వీగిపోతుందన్నమాట!

అన్ని చోట్లా ఇంత జాగ్రత్త లేదు. కెంటకీ రాష్ట్రంలో లించ్ అనే బొగ్గు గనుల ఊరు ఉంది. 1970లలో అక్కడి పోలీసు కోర్టు జడ్జి ఒక గని కార్మికుడు. లా ఏమాత్రం చదవలేదు, పక్కన చెప్పేవాళ్లూ లేరు. తాగి బండి నడిపిన ఒకాయనకు 30 రోజుల జైలు వేశాడు. మొదటిసారి తప్పుకి ఆ రాష్ట్ర చట్టంలో ఉన్నది జరిమానాయే, జైలు లేదు! కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది. లా చదివిన జడ్జి ముందు మళ్లీ మొదటి నుంచి విచారణ కోరే హక్కు ఉంది కాబట్టి ఇలాంటి జడ్జి ఉండొచ్చని 1976లో తీర్పొచ్చింది. ఇద్దరు న్యాయమూర్తులు ఒప్పుకోలేదు. నాకూ వాళ్ల మాటే సబబనిపిస్తుంది. పైకోర్టుకి వెళ్లొచ్చని తెలియనివాడు ఆ 30 రోజులూ లోపలే ఉంటాడు కదా?

మనకీ దీనికీ ఒక సంబంధం ఉంది. 1996 నాటి పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో తగాదాలు తీర్చుకునే ఆచారాన్ని కాపాడుకునే అధికారం గ్రామసభది. అయితే పెద్దలు చెప్పిన తీర్పు నచ్చకపోతే ఆ మనిషి ఎవరి దగ్గరికి వెళ్తాడు? దసరా సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు మీ ఊళ్లో అడిగి రండి. వచ్చాక రాసిస్తే ఈ గోడ మీదే పెడతాం.