పాల కేంద్రంలో టాబ్లెట్ అప్‌గ్రేడ్: వేళ చూసి చేయవలసిన పని

పాల కేంద్రంలోని టాబ్లెట్ గాని, కార్యదర్శి చేతిలోని ఫోను గాని ఒకనాడు "కొత్త సిస్టం అప్‌డేట్ సిద్ధంగా ఉంది" అని చూపుతుంది. కొందరు చూసిన వెంటనే నొక్కేస్తారు. మరికొందరు ఏమవుతుందోనన్న భయంతో ఏళ్ళ తరబడి దాని జోలికి పోరు. ఈ రెండు పద్ధతులూ సంఘానికి మంచివి కావు. అప్‌గ్రేడ్ చేసుకోక తప్పదు. అయితే దానికొక వేళ ఉంది. ఆ వేళను పాల బిల్లును బట్టి సంఘమే నిర్ణయించుకోవాలి.

ముందుగా ఆపరేటింగ్ సిస్టం అంటే ఏమిటో చూద్దాం. కేంద్రంలో పాలు కొలిచేవారు ఒకరు, వెన్న పరీక్షించేవారు ఒకరు, దాణా బస్తాల లెక్క చూసేవారు మరొకరు. బీరువా తాళం ఎవరికివ్వాలి, ఏ పుస్తకం ఎవరు తెరవాలి అన్నది కార్యదర్శి చూసుకుంటాడు. టాబ్లెట్‌లో పాల లెక్కల యాప్, వాట్సాప్, డబ్బు పంపే యాప్ పనివారి వంటివి. ఆపరేటింగ్ సిస్టం కార్యదర్శి వంటిది. తూకం నుండి అంకె తీసుకోవాలన్నా, ప్రింటరుకు స్లిప్పు పంపాలన్నా, కెమెరా తెరవాలన్నా యాప్ దాని అనుమతి పొందవలసిందే. మన పల్లెల్లో ఎక్కువగా వాడుకలో ఉన్నది గూగుల్ వారి ఆండ్రాయిడ్ కనుక, ఈ పాఠంలో దాని సంగతే చెబుతున్నాము.

అప్‌డేట్ అనే ఒకే మాటతో మూడు వేర్వేరు పనులను పిలుస్తున్నాం. గందరగోళమంతా అక్కడే వస్తోంది. ఒక యాప్‌కు మాత్రమే వచ్చే అప్‌డేట్ చిన్నది. రెండవది భద్రతా సవరణ. దీనివల్ల తెర మీద మార్పు ఏమీ కనపడదు, లోపలి కంతలు మాత్రం పూడుతాయి. సందేశంగా పంపిన ఒక వీడియో ద్వారా ఆండ్రాయిడ్ ఫోనులోకి చొరబడవచ్చునని 2015లో బయటపడింది. ఆ ఏడాది ఆగస్టు నుండి గూగుల్ నెలనెలా ఈ సవరణలు ఇవ్వడం మొదలుపెట్టింది. మూడవది వెర్షన్ మార్పు, అనగా ఆండ్రాయిడ్ 13 పోయి 14 రావడం వంటిది. మొదటి రెండూ వచ్చిన కొద్ది రోజులకే, పాలు పోసే వేళ కాకుండా చూసి వేసుకోవచ్చు. జాగ్రత్త పడవలసినది మూడవ దాని విషయంలోనే.

భద్రతా సవరణలను వాయిదా వేస్తే ఏమవుతుందని అడిగేవారికి 2017 నాటి సంగతి చెబుతాము. విండోస్ కంప్యూటర్లలోని ఒక లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ మార్చి నెలలోనే సవరణ ఇచ్చింది. వేసుకోనివారిని మే 12 నుండి వానాక్రై అనే దొంగ ప్రోగ్రాం పట్టుకుంది. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. అనేక దేశాలతో పాటు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దాని వాత పడ్డాయి. సవరణకూ దాడికీ మధ్య రెండు నెలల గడువు ఉంది. ఫోనుకైనా, టాబ్లెట్‌కైనా సూత్రం ఇదే.

ఇక వెర్షన్ మార్పు. కొత్త కార్యదర్శి రాగానే "నీకు తాళం ఎవరిచ్చారు?" అని పాతవారిని మళ్ళీ అడిగినట్లే, కొత్త వెర్షన్ కూడా కొన్ని అనుమతులు తిరిగి అడుగుతుంది. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 నుండి ఒక యాప్ మరొక యాప్ దాచుకున్న ఫైళ్ళను తెరవడం కష్టమైంది. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12లో బ్లూటూత్ పరికరాలకు 'సమీప పరికరాలు' అనే కొత్త అనుమతి చేరింది. స్లిప్పు ప్రింటరు గాని, తూకం గాని బ్లూటూత్‌తో కలిపి ఉంటే యాప్ ఆ ప్రశ్న అడుగుతుంది. చదవకుండా 'వద్దు' అని నొక్కినవారికి స్లిప్పు రాదు. ప్రింటరు పాడైందని మెకానిక్కు కోసం కబురు పెడతారు!

అన్నిటికంటె పెద్ద చిక్కు పాత యాప్‌లతో వస్తుంది. ఆండ్రాయిడ్ 6 వచ్చింది 2015లో. అంతకంటె పాత వెర్షన్ల కోసం తయారైన యాప్‌లను 2023 నాటి ఆండ్రాయిడ్ 14 కొత్తగా ఎక్కించనీయదు. ముందునుండి ఉన్న యాప్ అప్‌గ్రేడ్ తర్వాత కూడా అలాగే ఉంటుంది. అయితే ఏదో ఇబ్బంది వచ్చి "తీసేసి మళ్ళీ వేసుకుందాం" అనుకుని తీసేశారో, అది తిరిగి ఎక్కదు. వెనుకటి వెర్షన్‌కు పోదామంటే సాధారణంగా కుదరదు. కుదిరినా టాబ్లెట్‌లోని సమాచారమంతా చెరిగిపోతుంది. అందువల్ల మీ పాల లెక్కల యాప్ కొత్త వెర్షన్ మీద పనిచేస్తుందా అని దాన్ని ఇచ్చినవారిని ముందే అడగాలి. నోటిమాటతో సరిపెట్టుకోక వ్రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

వేళ ఎందుకు ముఖ్యం?

ఒక లెక్క చూడండి. ఒక సభ్యురాలు ఉదయం 4 లీటర్ల గేదె పాలు పోసిందనుకుందాం. పరీక్ష యంత్రం వెన్న 7.2 శాతం చూపింది. టాబ్లెట్ అప్‌గ్రేడ్ మధ్యలో నిలిచిపోయి ఉంది, వరుసలో యాభై మంది నిలబడి ఉన్నారు. ఆ తొందరలో కాగితం మీద 6.2 అని పడింది. 4 లీటర్లంటే ఇంచుమించు 4.12 కిలోలు. ఒక శాతం తేడాకు 41 గ్రాముల వెన్న పోతుంది. కిలో వెన్నకు 800 రూపాయలనుకుంటే 33 రూపాయలు, అదీ ఒక్క పూటకే. చేతిలో స్లిప్పు లేదు కనుక అడగడానికి ఆమెకు ఆధారం ఉండదు. మరునాటి నుండి ఆ పాలు ప్రైవేటు వ్యాపారి క్యానులోకి పోతే ఆశ్చర్యపడనక్కరలేదు.

పది రోజుల బిల్లయినా, పదిహేను రోజుల బిల్లయినా అది ముగిసి, సభ్యుల డబ్బు ఖాతాలకు వెళ్ళిన మరునాడు అప్‌గ్రేడ్‌కు అనువైన రోజు. ఉదయం పాలబండి వెళ్ళిపోయాక మొదలుపెడితే సాయంత్రం పాలు వచ్చేలోగా చాలినంత వ్యవధి ఉంటుంది. ఆదివారం, పండుగ రోజు వద్దు. చిక్కు వస్తే ఫోనెత్తేవారుండరు. రాత్రి తనంతట తానే ఎక్కించుకుంటానని టాబ్లెట్ అడిగితే ఒప్పుకోకండి.

మొదలుపెట్టే ముందు పాల లెక్కల యాప్‌లో పైకి పంపవలసిన నమోదులు ఏమైనా మిగిలాయేమో చూడండి. సిగ్నల్ లేని ఊళ్ళలో రెండు మూడు పూటల లెక్క టాబ్లెట్‌లోనే ఉండిపోతుంది. సభ్యుల జాబితాను, దాణా అప్పుల బాకీలను కాగితం మీద ముద్రించి ఉంచండి. ఇంత సాంకేతికత వచ్చాక కూడా కాగితమా అని నామోషీ పడనక్కరలేదు. బ్యూటిరోమీటరు రోజుల్లో సంఘాలు నడిచింది కాగితం మీదనే. వెర్షన్ మార్పుకు తరచు ఒక జి.బి.కి మించిన డేటా అవుతుంది కనుక రోజుకు ఒకటిన్నర జి.బి. ప్యాకుతో మధ్యలో ఆగిపోవచ్చు. వైఫై ఉన్నచోట దించుకోవడం మేలు. లోపల ఖాళీ చోటు చూసుకుని, ఛార్జరు తగిలించే ఉంచండి.

అప్‌గ్రేడ్ ఎప్పుడూ సెట్టింగ్స్‌లోని సిస్టం అప్‌డేట్ ద్వారానే వస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కి, ఏ.పి.కె. ఫైలు ఎక్కించుకోమని ఎవరు చెప్పినా, యూనియన్ పేరు చెప్పినా సరే, వినకండి. పొరపాటున నొక్కి డబ్బు పోతే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయండి.

"మా టాబ్లెట్‌కు అసలు అప్‌డేటే రాదు" అనేవారున్నారు. గూగుల్ కొత్త ఆండ్రాయిడ్ ఇచ్చినా, టాబ్లెట్ కంపెనీ దాన్ని తన ఒక్కొక్క మోడలుకు సరిపెట్టి పంపాలి. చౌక రకాలకు ఆ శ్రమ చాలామంది పడరు. 2023లో వచ్చిన పిక్సెల్ 8కు, 2024లో వచ్చిన గెలాక్సీ ఎస్ 24కు ఏడేళ్ళ అప్‌డేట్లు ఇస్తామని ఆ కంపెనీలు ప్రకటించాయి. అంత ఖరీదువి కేంద్రానికి అక్కరలేదు గాని, ఎన్నేళ్ళు ఇస్తారన్న ప్రశ్న కొనేటప్పుడు కొటేషన్‌లోనే అడగాలి. పాతబడిన టాబ్లెట్ మీద పాల లెక్క నడుస్తున్నంతకాలం నడపవచ్చు. సంఘం బ్యాంకు ఖాతా మాత్రం దాని మీద ఉంచరాదని మా దృఢాభిప్రాయం.

అప్‌గ్రేడ్ పూర్తయ్యాక సాయంత్రం దాకా ఆగకండి. ఒక గిన్నెడు పాలు తూకం వేసి, పరీక్షించి, స్లిప్పు తీసి చూడండి. అంకెలు యంత్రం చూపినవే స్లిప్పు మీద పడ్డాయా, పేర్లు తెలుగులో సరిగా వచ్చాయా గమనించండి. ఆ పరీక్ష నమోదును లెక్కలోంచి తీసివేయడం మరువకండి. అంతా సరిగా ఉంటే స్టాకు రిజిస్టరులో టాబ్లెట్ పద్దు ఎదురుగా తేదీని, కొత్త వెర్షన్ సంఖ్యను రాసి, అధ్యక్షులచేత సంతకం చేయించండి.