ఇంటర్‌కమ్ మార్చే ముందు



మీ నర్సింగ్‌హోమ్‌లో పాత ఇంటర్‌కమ్ తీసేసి మొత్తం నెట్ మీద నడిచే ఐపీ ఫోన్లు పెడదామంటున్నారని రాశావు. కొటేషన్లు రెండూ చూశాను. ధర సంగతి తర్వాత, ముందు కరెంటు సంగతి తేల్చుకో.

బయటి రాగి తీగ లైనుకి కరెంటు టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుంచే వస్తుంది, 48 వోల్టులు. అక్కడ బ్యాటరీలుంటాయి కనుక ఊరంతా చీకటైనా ఫోను మోగేది. ఇంటర్‌కమ్‌ని నడిపే చాలా ఈపీఏబీఎక్స్ పెట్టెల్లో కరెంటు పోగానే ఒక బయటి లైను నేరుగా ఒక ఫోనుకి కలిసిపోయే ఏర్పాటు కూడా ఉంటుంది. మీ పెట్టెలో అది ఉందా, ఉంటే ఏ ఫోనుకి కలుస్తోంది? అకౌంట్స్ గదికైతే ఇవాళే క్యాజువాల్టీకి మార్పించు.

ఐపీ ఫోనుకి ఆ దన్ను లేదు. ఫోను, స్విచ్, రూటర్, ఫైబర్ పెట్టె, వీటిలో ఏ ఒక్కటి ఆగినా మాట బయటికి పోదు. బ్రిటన్‌లో పాత లైన్లను 2025 చివరికి ఆపేద్దామనుకుని 2027 జనవరికి వాయిదా వేశారు. ఒంటరి వృద్ధుల ఇళ్లలో ఆపదలో నొక్కే మీటలు ఆ లైన్ల మీదే ఉండటం అందుకు ఒక ముఖ్య కారణం. మన దగ్గరా ల్యాండ్‌లైన్లు ఫైబర్ మీదికి మారుతున్నాయి, కాబట్టి పాతది ఉంచుకున్నంత మాత్రాన నిశ్చింత లేదు. ఏది కొన్నా యూపీఎస్ ఖర్చు అందులో కలిపే లెక్క చూడు.

కొత్తదాని సుఖాలు నిజమైనవే. డాక్టరుగారి ఇంట్లోనూ మీ ఎక్స్‌టెన్షన్ మోగుతుంది, సీటు మారితే ఫోను పట్టుకెళ్లి పెట్టుకోవడమే. నెట్ చాలదేమోనన్న భయం వద్దు, ఒక్కో కాల్‌కి సెకనుకి వంద కిలోబిట్ల లోపే పడుతుంది. పాస్‌వర్డ్ మాత్రం కంపెనీ ఇచ్చింది ఉంచొద్దు. దొంగలు దూరి రాత్రికి రాత్రే విదేశాలకు కాల్స్ చేస్తారు, బిల్లు మీకొస్తుంది.

నా మాట అడిగితే, రెండూ పట్టే హైబ్రిడ్ పెట్టె తీసుకో. రిసెప్షన్, డ్యూటీ డాక్టరు, మందుల షాపు ఐపీ మీద పెట్టు. రోగుల గదుల్లో మామూలు ఫోన్లు, ఆ తీగలు అలాగే ఉండనీ. పడుకున్న మనిషికి రిసీవర్ ఎత్తి ఒక్క అంకె నొక్కడం కంటే సులువైనది అక్కర్లేదు. తీగలన్నీ వచ్చి కలిసే క్రోన్ బాక్సు మూత తీయించి ఏ తీగల జత ఏ గదిదో చూసుకో. రాతలు చెరిగిపోయి ఉంటే కొత్త లేబుళ్లు వేయించు, లేకపోతే వచ్చిన ప్రతి మనిషీ మళ్లీ మొదటినుంచీ వెతకాలి.

పని పూర్తయ్యాక యూపీఎస్‌కి వచ్చే కరెంటు ఆపించి, వార్డు నుంచి క్యాజువాల్టీకీ, అక్కడి నుంచి నా సెల్‌కీ ఫోన్ చేయించు. రెండూ కలిశాకే చివరి చెక్కు ఇవ్వు.

మీ మామయ్య